పది సెకన్లలో తర్వాతి భాగం

మడికొండ ఐటీ పార్కులో, రెండో అంతస్తులో, ముప్పై రెండు కుర్చీలున్న హాలొకటి ఉంది. అక్కడికి వచ్చే ఫోన్లన్నీ ఒకే పని మీద వస్తాయి. "నాకు మీ యాప్ వద్దు, బంద్ చెయ్యండి" అని. ఆ మాటన్న మనిషి చేతనే, ఫోను పెట్టేసే లోపల, "సరే, ఉండనియ్యి" అనిపించడం ఆ ముప్పై రెండు మంది ఉద్యోగం.

అఫ్సానా అక్కడ చేరి ఐదో నెల నడుస్తోంది. హాల్లో ఆమె పేరు అఫ్సానా కాదు, శ్రీలత. చేరిన ప్రతి ఒక్కరికీ ఒక డెస్కు పేరు ఇస్తారు. పేరు దగ్గర కస్టమర్ ఆలోచన ఆగిపోకూడదట. అఫ్సానా దానికేమీ నొచ్చుకోలేదు. నెలకు పద్దెనిమిది వేలు వస్తున్నప్పుడు ఫోనులో ఏ పేరైతేనేం అనుకుంది.

అనుకోక తప్పదు మరి. తండ్రి జానీ మియా కేసముద్రం మార్కెట్ యార్డులో ఇరవై ఆరేళ్ళు హమాలీ పని చేశాడు. మక్కల బస్తాలూ మిర్చి బస్తాలూ మోసి మోసి కిందటేడు కుడి మోకాలు పూర్తిగా పోయింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అఫ్సానా. ఆ సర్టిఫికెట్‌ను జానీ మియా అద్దం కట్టించి, గోడ మీద గడియారం పక్కన తగిలించాడు. వచ్చినవాళ్ళు టైము చూసినప్పుడల్లా అది కూడా చూడాలని ఆయన లెక్క.

కంపెనీ పేరు తెరచాప. సినిమాలు, సీరియళ్ళు ఫోనులో చూపిస్తుంది. ఆరు నెలలు పరీక్షా కాలం. బంద్ చెయ్యమని వచ్చిన ప్రతి వంద మందిలో అరవై మందిని నిలబెట్టాలి. నిలబెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. అఫ్సానా యాభై ఒకటి దగ్గర ఆగిపోయి ఉంది.

టీమ్ లీడర్ సారంగపాణి చెడ్డవాడేమీ కాదు. ఎవరికైనా జ్వరమొస్తే తన బండి మీద దవాఖానకు తీసుకుపోతాడు. పాఠం కూడా ఓపికగా చెబుతాడు. మొదటి రోజు బోర్డు మీద మూడు ధరలు రాశాడు. చిన్న ప్లాను నూట నలభై తొమ్మిది. మధ్య ప్లాను రెండు వందల డెబ్బై తొమ్మిది. పెద్ద ప్లాను రెండు వందల తొంభై తొమ్మిది.

"మధ్యది ఎందుకు పెట్టినం?" అని అడిగాడు.

"మధ్య తరగతోళ్ళు కొంటరని సార్," అన్నారెవరో.

"ఎవ్వడూ కొనడు. కొనాలని పెట్టలేదు కూడా. దాన్ని చూసి, అరే, ఇంకో ఇరవై ఏస్తే పెద్దదే వస్తాంది గదా అనుకుంటడు. నూట నలభై తొమ్మిది కోసం వచ్చినోడు రెండొందల తొంభై తొమ్మిది కట్టి, నేనే లాభపడ్డ అనుకొని పోతడు. అదీ మధ్యదాని పని."

అందరూ నవ్వారు. అఫ్సానా నోటుపుస్తకంలో రాసుకుంది. మొదటి నెల ఒక్క రూపాయి ఎందుకో రాసుకుంది. చేరడానికి ఒక నొక్కు చాలినప్పుడు, బంద్ చెయ్యడానికి ఏడు మెట్లు ఎందుకో రాసుకుంది. ఆఫరు పక్కన తిరిగే గడియారం ఎవరు తెరిచినా పదిహేను నిమిషాల నుంచే ఎందుకు మొదలవుతుందో రాసుకుంది. అన్నిటికంటే కింద, సారంగపాణి రెండుసార్లు చెప్పిన మాట రాసి గీత గీసుకుంది. వచ్చేదాని మీద ఆశ కంటే పోయేదాని మీద భయం ఎక్కువ గుంజుతుంది. సగంలో ఆగినది అంతకంటే ఎక్కువ గుంజుతుంది.

కాలేజీలో ఏ పాఠమూ అంత శ్రద్ధగా రాసుకోలేదామె.

*

పూలమ్మ ఫోను ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది.

"బిడ్డా, గిది బంద్ జెయ్యాలె. బ్యాంకుల నా పింఛను పైసలు పడంగనే మూడొందలకు ఒక్కటి తక్కువ కోసుకుంటాన్రట. గా బ్యాంకు సారు జెప్పిండు. నా కొడుకు పెట్టుకున్నడు గిది, నా ఖాతకు కలిపి."

"మీ అబ్బాయికి ఇయ్యండమ్మా ఫోన్, మాట్లాడ్త."

"వాడు లేడు బిడ్డ. పోయి నెల దాటింది. పరంజా మీదికెల్లి పడ్డడు. సున్నం ఏసే పని వానిది."

అఫ్సానా చేతులు కీబోర్డు మీద ఆగాయి. తెర మీద ఖాతా తెరిచి ఉంది. పేరు రమాకాంత్, పేరు పక్కన నవ్వుతున్న పులి పిల్ల బొమ్మ. కింద అతను చివరగా చూసినది. ఎర్రకోన అనే సీరియల్, ఆరో భాగం, నలభై ఒకటో నిమిషం దగ్గర ఆపి ఉంది. బంద్ చెయ్యడానికి కారణం నింపే పెట్టెలో ఐదు కారణాలే ఉన్నాయి. ధర ఎక్కువ, నచ్చిన సినిమాలు లేవు, సరిగా నడవడం లేదు, ఊరు మారుతున్నాం, వేరే యాప్ కొన్నాం. చావు అనే కారణం లేదు.

అప్పుడే ఆమె బంద్ చేసి ఉండాల్సింది. తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆ మాట. కానీ ఆ నెల యాభై ఒకటి దగ్గర ఉంది, తెర కుడి మూలన అంకె మెరుస్తూనే ఉంది.

"అయ్యో పెద్దమ్మా," అంది. ఆ పిలుపు కంపెనీ ఇచ్చిన మాటల కాగితంలో లేదు. కాగితంలో 'మేడమ్' అని ఉంది. నోటికి అదే వచ్చింది. "ఎంత పని జరిగింది పెద్దమ్మా. తింటానవా టైముకు?"

అవతల పూలమ్మ ఏడ్చింది. కొంచెంసేపు ఏడవనిచ్చింది అఫ్సానా. ఆ దుఃఖం విని ఆమె గొంతులో కూడా నిజంగానే తడి వచ్చింది. అది నటన కాదు, అదే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"ఒక్కటి జెప్త పెద్దమ్మా. బంద్ చేస్తే రమాకాంతన్న పేరు మీద ఉన్నయన్నీ పోతయి. ఆయన పెట్టుకున్న బొమ్మ, చూసినయి, ఇష్టపడ్డయి."

"పోతయా?"

"పోతయి పెద్దమ్మా."

నిజానికి పోవు. బంద్ చేసినా పది నెలల పాటు అన్నీ అట్లాగే ఉంటాయి. అది నియమాల కాగితం మూడో పేజీలో ఉంది. కస్టమర్ అడిగితే తప్ప చెప్పొద్దని దాని పక్కనే రాసి ఉంది.

అవతల అంత నిశ్శబ్దం వస్తే ఇంకో మాట కలపాలని సారంగపాణి చెప్పాడు. అఫ్సానాకు కాగితంలోని మాటలు ఏవీ గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చింది వాళ్ళ ఊరు.

చిన్నప్పుడు కేసముద్రం దగ్గర తమ పల్లెలో, ఎవరింట్లోనైనా చావు దినం చేస్తే కథ చెప్పేవాళ్ళను పిలిచేవారు. డోలు కొట్టుకుంటూ, అందె మోగించుకుంటూ పొద్దుగూకే దాకా చెప్పేవారు. నానమ్మ షహజాదీ కూడా అఫ్సానాను పక్కన కూర్చోబెట్టుకుని వినేది. ఆకలేసి లేస్తానంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు గుంజి కూర్చోబెట్టేవారు. మంగళం పాడి హారతి పట్టేదాకా లేవొద్దు, సగం కథలో లేస్తే మంచిది కాదు అనేవారు.

"పెద్దమ్మా," అంది అఫ్సానా, "రమాకాంతన్న ఒక కథ సగంల ఆపిండు. నలభై ఒకటో నిమిషంల. సగం కథల లేసిపోవచ్చునా?"



"ఏమంటివి బిడ్డా?" అంది పూలమ్మ, చాలా మెల్లగా. "సగంల లేసిపోయిండా? మా ఇంటాయన వీరభద్రం కథలల్ల డోలు కొట్టేది. హసన్‌పర్తి చెరువు ఇవతల డోలు వీరభద్రం ఇల్లు అంటే ఎవలైనా జెప్తరు. మంగళం పాడనిది డోలు కింద పెట్టకపోయేది బిడ్డ ఆయన. సగంల లేసిపోయినోనికి దారి దొరకదనేటోడు."

"మరి?"

"వద్దు బిడ్డ. బంద్ జెయ్యకు. ఉంచు. నీ పేరేంది?"

"శ్రీలత."

"సల్లగుండు శ్రీలతమ్మా."

తెర మీద పచ్చ దీపం వెలిగింది. కారణం పెట్టెలో అఫ్సానా 'ధర ఎక్కువ' అని నింపింది.

*

ఆ రికార్డింగు మరుసటి వారం సారంగపాణి హాల్లో అందరికీ వినిపించాడు. కస్టమర్ ఏడ్చిన ముక్క తీసేసి, మిగతాది.

"విన్నరా? పెద్దమ్మా అన్నది. మేడమ్ అంటే మన కంపెనీ గుర్తుకొస్తది, పెద్దమ్మా అంటే ఇల్లు గుర్తుకొస్తది. సగం కథల లేసిపోవచ్చునా, ఈ లైన్ హైదరాబాద్‌ల కూసున్నోళ్ళకు పదేండ్లు ఆలోచించినా తట్టదు. శ్రీలతా, నువ్వు ఇసొంటియి ఇంకో ఇరవై రాయి. మన దిక్కు యాసల, వయసు వారీగా."

ఆమె రాసింది. చెప్పిన పని చేసే పిల్ల, పైగా రాయడమంటే ఇష్టం. యాభై దాటిన ఆడవాళ్ళకు పెద్దమ్మ, మగవాళ్ళకు కాక, పట్నం పోయి చదువుకునే పిల్లలకు తమ్ముడు. ముందు తిన్నవా అని అడగాలి. ఏడిస్తే ఏడవనియ్యాలి, మధ్యలో మాట్లాడొద్దు. ఏది పోతుందో మొదలు చెప్పాలి, ధర చివర చెప్పాలి. రెండు రోజులు కూర్చుని మూడు పేజీలు రాసింది. సారంగపాణి దాన్ని అందరూ ఆన్‌లైన్‌లో చూసే షీటుగా చేయించి, అడుగున 'రచన: శ్రీలత' అని వేయించాడు.

నెలాఖరుకు ఆమె అంకె డెబ్బై రెండుకు చేరింది. గడువు కంటే ముందే ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. కొత్తగా చేరిన బ్యాచ్‌కు నేర్పే పని కూడా ఇచ్చారు. జానీ మియా ఆ కాగితాన్ని కూడా అద్దం కట్టించాడు.

"ఏం జేస్తవ్ బేటీ ఆడ? పక్కింట్ల అడిగితే ఏమని జెప్పాలె?" అని అడిగాడు.

"పోతామన్నోళ్ళను పోకుంట ఆపుత అబ్బా."

"మంచి పనే గదా," అన్నాడు జానీ మియా.

*

పూలమ్మ రెండో ఫోను నెల పదిహేను రోజులకు వచ్చింది. శ్రీలతమ్మే కావాలని పట్టుబట్టిందట, వరుసలో అరగంట ఆగిందట.

"బిడ్డా, మంచిగున్నవా? ఒక్కటి అడుగుదమని చేసిన. వాడు సగంల ఇడిసింది నేను సూసిన. పక్కింటి పొల్ల పెట్టిచ్చింది. అది ఒడిసింది. కర్పూరం ఎలిగిద్దమని పళ్ళెం పట్టుకొని కూసున్న. మంగళం పాడలే. పది అంకెలు ఎనుకకు ఎంచి, దాని తోకకు ఇంకోటి మొదలువెట్టింది. అదీ సూసిన. అది ఒడుస్తె ఇంకోటి. గట్ల ఎనిమిది దాకా అయినయి."

"మొత్తం చూసినవా పెద్దమ్మా?"

"సూసిన. ఒకటే కాల్చుకునుడు, నరుక్కునుడు. నాకేం సమజ్ గాలే. వాని కోసానికి సూసిన. ఎనిమిదో దాంట్ల ఆ పోలీసు పిలగాని గుండెల గుండు తగిలింది, సచ్చిండో బతికిండో సూపియ్యకముందే ఆపిన్రు. రెండో సీజన్ ఉన్నదట, దానికి తాళం ఉన్నదట. ఇంకో వంద ఎక్కువ కట్టాల్నట. కట్టమంటవా? మేక ఒక్కటి ఉన్నది, అమ్ముత. గంతల ఒడుస్తదా బిడ్డ? మంగళం పాడ్తరా?"

అఫ్సానా తెర మీద చూసింది. రెండో సీజన్‌లో పది భాగాలు. మూడో సీజన్ వచ్చే ఏడు. నాలుగోది కూడా తీస్తామని అప్పుడే ప్రకటన. మెరుస్తున్న పెట్టెలో కంపెనీ ఆమెకు చెబుతోంది: ఈ కస్టమర్ ఇంకో వంద కట్టడానికి సిద్ధంగా ఉంది, అడగండి.

ఆమె అడగలేదు. "పెద్దమ్మా, ఇది మీకొద్దు. నేను బంద్ చేస్తున్న," అంది.

"మరి కథ?"

గొంతులో మాట ఉంది. ఆనాడు నీతో అబద్ధం చెప్పిన పెద్దమ్మా అనే మాట. కానీ ప్రతి మాటా రికార్డవుతోంది, ఖాయమైన కాగితం ఇంట్లో గోడ మీద ఉంది, దాని కింద కుర్చీలో కాలు చాపుకుని తండ్రి ఉన్నాడు. "కథ సంగతి నేను చూసుకుంట. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అంది.

"నువ్వు జూసుకుంటనంటే సరే బిడ్డ. నువ్వు జెప్తే సరే."

ఏడు మెట్లూ దాటించి బంద్ చేసింది. ఎర్ర దీపం వెలిగింది. అంతటితో అయిపోయిందనుకుంది. కానీ శనివారం మర్నాటి జాబితా వచ్చినప్పుడు అందులో మొదటి వరుసలోనే పూలమ్మ నంబరు ఉంది. బంద్ చేసినవాళ్ళను ఆదివారం పది నుంచి ఒంటిగంట మధ్య తిరిగి పిలుస్తారు. ఆదివారం మనుషులు ఇంట్లో ఉంటారు, ఒంటరివాళ్ళు ఇంకా ఒంటరిగా ఉంటారు. పిలిచేది కొత్త బ్యాచ్. పూలమ్మ నంబరు ఎదురుగా కావ్య పేరు ఉంది.

అఫ్సానా సారంగపాణి దగ్గరికి పోయింది. "సార్, ఈ ఒక్క నంబర్ తీసెయ్యండి. కొడుకు పోయిన మనిషి."

"నాకు తెలుసమ్మా. నీ ఫేమస్ కాల్ అదే గదా," అన్నాడు. "ఒకసారి నిలబడ్డ కస్టమర్ మళ్ళీ నిలబడ్తది, కంప్యూటరే మొదటి వరుసల పెడ్తది. నేను తీస్తే ఎందుకు తీసినవని నన్ను అడుగుతరు." కొంచెం ఆగి, "మనసుకు తీసుకోకు. మొదట్ల నాకూ ఇట్లనే అయింది. పోయి చాయ్ తాగు," అన్నాడు.

*

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు అఫ్సానా హసన్‌పర్తిలో బస్సు దిగింది. కస్టమర్‌ను బయట కలిస్తే ఉద్యోగం పోతుందని ఒప్పందంలో ఉంది. చిరునామా కంప్యూటర్లోంచి తీసుకోలేదు, ఆ అవసరమే రాలేదు. చెరువు ఇవతల డోలు వీరభద్రం ఇల్లు అని అడిగితే ఇద్దరు చూపించారు.

రేకుల ఇల్లు. ముందర పందిరి గుంజకు మేక కట్టేసి ఉంది. ఇంకా అమ్మలేదు. తలుపు దగ్గర గడపలో పూలమ్మ కూర్చుని ఉంది. గొంతును బట్టి పెద్ద ముసలామె అనుకుంది గానీ యాభై ఐదుకు మించి ఉండవు. ఎదురుగా పీట మీద, బోర్లించిన చెంబుకు ఆనించి, రమాకాంత్ ఫోను. దాని పక్కన హారతి పళ్ళెం, కర్పూరం బిళ్ళ, అగ్గిపెట్టె. గోడకు పాత డోలు వేలాడుతోంది, తోలు ఒక పక్క చినిగిపోయి.

"పెద్దమ్మా."

పూలమ్మ చప్పున తలెత్తింది. మొహం చూసి కాదు, గొంతు విని. "శ్రీలతమ్మా! నువ్వేనా బిడ్డ? ఇంతదూరం వచ్చినవా నా కోసం?" అంటూ లేచి రెండు చేతులూ పట్టుకుంది. చాప పరిచింది, చాయ్ పెట్టింది. చక్కెర లేదని పక్కింటికి పోయి తెచ్చింది. అఫ్సానా గడియారం చూసుకుంటూ ఆ చాయ్ తాగింది.

"నా పేరు శ్రీలత కాదు పెద్దమ్మా. అఫ్సానా. మాది కేసముద్రం దిక్కు."

"అయితేంది బిడ్డ. పేర్ల ఏమున్నది."

"ఇంకోటి గూడ అబద్ధం చెప్పిన. బంద్ చేస్తే ఏం పోవు. ఆయన బొమ్మ, ఆయన చూసినయి, పది నెలలు అట్లనే ఉంటయి. పోతయని నేనే భయపెట్టిన."

పూలమ్మ అర్థం కానట్టు చూసింది. "ఎందుకు బిడ్డ?"

"మీరు బంద్ చెయ్యకపోతే నా నౌకరి ఉంటది. అందుకు."

పూలమ్మ కోపపడుతుందనుకుంది అఫ్సానా. తిట్టినా బాగుండేది. పూలమ్మ ఫోను వైపు చూస్తూ, "గది సరే. మరి కథ ఎన్నడొడుస్తది?" అంది.

"ఒడువది పెద్దమ్మా. ఒడువకుంటనే రాస్తరు. ఒడుస్తే జనం పోతరని, సరిగ్గ తెగే కాడ ఆపి, పది సెకన్లల ఇంకోటి మొదలువెడ్తరు. దానికి మంగళం లేదు."

"మంగళం లేని కథ ఉంటదా?" అంది పూలమ్మ. ఆమెకు దుఃఖం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వచ్చినట్టుంది. "జనం ఎట్ల లేస్తరు మరి?"

"లేవరు," అంది అఫ్సానా.

"మీరే పాడుండ్రి పెద్దమ్మా మంగళం. పాడి, హారతి పట్టుండ్రి. రమాకాంతన్న కథ ఒడిసినట్టే," అంది వెంటనే.

పూలమ్మ తల అడ్డంగా ఊపింది. "చెల్లది. కథ చెప్పేటోడే పాడాలె. ఇనేటోళ్ళు పాడితే లెక్కకు రాదనేటోడు మా ఇంటాయన."

పదీ నలభై అయింది, కావ్య ఏ నిమిషంలోనైనా పిలవొచ్చు. అఫ్సానా గోడ మీది డోలును చూసింది. "నేను వాళ్ళ మనిషినే గదా పెద్దమ్మా. ఆ కంపెనీల పని చేస్త. చెప్పేటోళ్ళ దిక్కుదాన్ని. నేను పాడ్త."

పూలమ్మ పెదవులు కదిలాయి, వీరభద్రాన్ని అడుగుతున్నట్టుగా. చివరికి అగ్గిపెట్టె అందుకుంది. "గదీ నిజమే. నువ్వు వాళ్ళ దిక్కుదానివే. చెల్లుతది. పాడు బిడ్డ," అని కర్పూరం వెలిగించింది.

అఫ్సానాకు ఆ పాట పూర్తిగా రాదు. నానమ్మ పక్కన కూర్చుని విన్న వరస ఉంది, అక్కడక్కడా రెండు మాటలున్నాయి. ఆ వరసనే ఎత్తుకుంది. పూలమ్మ పళ్ళెం పైకెత్తి ఫోను ముందు తిప్పసాగింది. కళ్ళు మూసుకుంది. కొడుకు పోయినప్పటి నుంచి ముడుచుకుని ఉన్న మొహం కొంచెం వదులవడం అఫ్సానా చూసింది. ఇంకొక్క చరణం, అంతే అనుకుంది.

ఫోను మోగింది.

"ఎత్తకుండ్రి పెద్దమ్మా!" అంటూ చెయ్యి చాపింది అఫ్సానా. పూలమ్మకు అలవాటైపోయింది. మోగితే పచ్చది నొక్కి, స్పీకర్ నొక్కడం. పక్కింటి పిల్ల నేర్పింది ఆ రెండే. పళ్ళెం పీట మీద పెట్టి రెండూ నొక్కింది.

"పెద్దమ్మా, మంచిగున్నవా? తిన్నవా?" కావ్య గొంతు. అఫ్సానా నేర్పినట్టే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. "తెరచాప నుంచి మాట్లాడ్తున్న పెద్దమ్మా. రమాకాంతన్న పేరు మీదున్నది బంద్ అయిందని చూసి మనసున వట్టలేదు. అన్న ఆరో భాగం నలభై ఒకటో నిమిషంల ఆపిండు. సగం కథల లేసిపోవచ్చునా పెద్దమ్మా?"

పూలమ్మ తల తిప్పి అఫ్సానా వైపు చూసింది.

"గీ మాట నువ్వన్నదే," అంది మెల్లగా. "అచ్చం గిట్లనే అన్నవు. మీకందరికి ఒక్కటే నేర్పిన్రా?"

"ఎవరూ నేర్పలేదు పెద్దమ్మా. నేనే రాసిన. ఆ పొల్లకు నేనే నేర్పిన."

ఫోనులో కావ్య ఆగలేదు. అవతల ఇంకెవరో ఉన్నట్టు ఆమెకు వినపడలేదేమో. "ఇయ్యాల ఒక్కనాడే పెద్దమ్మా. ఒక్క రూపాయికే పెద్ద ప్లాను. తాళం ఉన్నది గూడ తెరుసుకుంటది. ఇంకో పదిహేను నిమిషాలే ఉంటది ఆఫర్. ఒకటి నొక్కితే చాలు."

"వద్దు పెద్దమ్మా. ఒక్క రూపాయి ఒక్క నెలే. ఆ ఎనుక నాలుగు వందలు కోస్తరు," అంది అఫ్సానా.

కర్పూరం అంచు దాకా కాలి, ఒకసారి ఎగిసి, ఆరిపోయింది. పూలమ్మ అది చూసింది.

"నువ్వు రాసినవో, ఇంకెవలు రాసిన్రో," అంది. "అబద్ధమైతె కాదు గదా బిడ్డా. వాడు సగంల లేసే పోయిండు."

అఫ్సానా తన మూడు పేజీల్లో ఎవరికీ జవాబు దొరకకుండా చూసి రాసిన వాక్యం అది.

పూలమ్మ ఫోను మీదికి వంగింది. "ఉంచు బిడ్డ," అని, వేలితో వెతికి, ఒకటి నొక్కింది.

"సల్లగుండు పెద్దమ్మా," అంది కావ్య. ఆ మాట కూడా షీటులో ఉంది.

తెర ఒకసారి నల్లబడి, పులి పిల్ల నవ్వుతూ వచ్చింది. దాని కింద 'రమాకాంత్, తిరిగి స్వాగతం' అన్న అక్షరాలు. పూలమ్మకు చదవడం రాదు గనుక బొమ్మను మాత్రమే చూసింది, చీర కొంగుతో అద్దం తుడిచింది. రెండో సీజన్ మొదలైంది. పోలీసు పిల్లవాడు బతికే ఉన్నాడు.

"కూసో బిడ్డ. ఒక్కదాన్నే సూస్తె పొద్దు పోతలేదు," అంది పూలమ్మ, చాప జరుపుతూ.

అఫ్సానా కూర్చుంది. కాసేపటికి ఆమె సొంత ఫోనుకు మెసేజ్ వచ్చింది. కావ్య పంపింది. 'అక్కా, నా ఫస్ట్ సేవ్! మీ లైన్ వల్లనే. థాంక్యూ అక్కా' అని, పక్కన ఒక పచ్చ గుండె. అఫ్సానా ఆ షీటు తెరిచింది. ఆ వాక్యం మీద వేలు పెట్టి తుడిచేయబోయింది. మీకు మార్చే అనుమతి లేదు అని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే వచ్చింది. అడుగున 'రచన: శ్రీలత' అని అట్లాగే ఉంది.

సీరియల్లో ఎవరో తలుపు బద్దలు కొట్టారు. అంతలో భాగం అయిపోయింది. తెర మూలన పది, తొమ్మిది, ఎనిమిది. పూలమ్మ చెయ్యి అలవాటుగా అగ్గిపెట్టె మీదికి పోయింది, పళ్ళెంలో కర్పూరం లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. మూడు, రెండు. ఇంకోటి మొదలైంది.

పన్నెండున్నర బస్సు పోతే మళ్ళీ రెండింటిదాకా లేదు. అఫ్సానా సంచి అందుకుని, చప్పుడు కాకుండా లేచి నిలబడింది.

పూలమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"సగంల లేస్తానవా బిడ్డా?" అంది.

అఫ్సానా సంచి కింద పెట్టి, మళ్ళీ కూర్చుంది.